కొరియా ప్రేమకథల మందగమనం: ఒక చారిత్రక పరిశీలన

ఒక జాతి తన చరిత్రను గ్రంథాలలోనే కాక, తాను చెప్పుకొనే ప్రేమకథలలోనూ భద్రపరచుకొంటుంది. గత రెండు దశాబ్దాలుగా ఆసియా ఖండమంతటా ఆదరణ పొందుతున్న దక్షిణ కొరియా ప్రేమకథా ధారావాహికలు ఇందుకు చక్కని నిదర్శనం. వీటి ప్రధాన లక్షణం మందగమనం. నాయకుడు నాయిక చేయి అందుకొనడానికే కొన్ని భాగాలు గడిచిపోతాయి; మనసులోని మాట పెదవి దాటేసరికి సగం కథ పూర్తవుతుంది. వేగమే గుణంగా చెలామణి అవుతున్న కాలంలో ఇంత తాపీ కథనం ప్రేక్షకులను, అందునా తెలుగువారిని, ఎందుకు ఆకట్టుకొంటున్నదన్నది ఆలోచించదగిన విషయం.

ఈ ఆలోచనకు ఢిల్లీలోని ధౌలా కువాన్ పరిసరాలు తగిన ఆరంభస్థానం. 1961లో తిరుమల తిరుపతి దేవస్థానం నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర కళాశాల ఇక్కడే ఉన్నది. సమీపంలోని మెట్రో స్టేషన్ దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరును ధరించినది. తెలుగు విద్యార్థులకు తరతరాలుగా పరిచితమైన ఈ కూడలి ఢిల్లీ కంటోన్మెంటుకు ముఖద్వారం వంటిది. ఆ కంటోన్మెంటులో 2021 మార్చిలో భారత–కొరియా మైత్రీవనం ప్రారంభమైనది. 1950–53 నాటి కొరియా యుద్ధకాలంలో భారతీయులు చేసిన సేవకు అది స్మారకం. లెఫ్టినెంట్ కర్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలోని 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ ఆ యుద్ధంలో క్షతగాత్రులకు చికిత్స చేసినది. యుద్ధవిరమణ తరువాత, స్వదేశానికి మరలడానికి నిరాకరించిన 22,000కు పైగా యుద్ధఖైదీల బాధ్యతను జనరల్ తిమ్మయ్య అధ్యక్షతన తటస్థ దేశాల కమిషన్ స్వీకరించగా, వారికి కాపలా కాసినది భారత సేన. ఆ ఖైదీలలో ఏ పక్షానికీ పోనొల్లని 88 మంది 1954లో మన దేశానికి చేరుకొన్నారు. ఇంటికి వెళ్లే దారి ఉండీ వెళ్లలేని మనుషుల వేదనను భారతీయులు ఆనాడే సమీపం నుండి చూశారు.

1945లో రెండుగా చీలిన కొరియా 1953లో కాల్పుల విరమణ పొందినదే కాని, శాంతి ఒప్పందానికి నేటికీ నోచుకొనలేదు. భార్యాభర్తలు, తల్లీబిడ్డలు చెరొక వైపు మిగిలిపోయారు. దక్షిణాన ఉన్నవారు సైతం ఒకరి జాడ ఒకరికి తెలియక దశాబ్దాలు గడిపారు. 1983లో కొరియా ప్రసార సంస్థ కె.బి.ఎస్. చెదరిన కుటుంబాలను వెదికే కార్యక్రమాన్ని 138 రోజుల పాటు, మొత్తం 453 గంటలకు పైగా ప్రత్యక్షంగా ప్రసారం చేసినది. పదివేలకు పైగా కుటుంబాలు తమవారిని కలుసుకొన్నాయి. ఆ ప్రసారాల భాండాగారాన్ని 2015లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చినది. ఒక ముఖాన్ని తదేకంగా చూచి, ఆగి, గుర్తుపట్టడమే ఆ ప్రసారాలలోని కథ. నేటి ధారావాహికల నిదానానికి బీజం అటువంటి అనుభవంలో వెదకడం అసమంజసం కాదు.

2002లో అదే సంస్థ ప్రసారం చేసిన 'వింటర్ సొనాటా'ను పరిశీలించండి. మరణించాడని నమ్మిన ప్రియుని పోలిన వ్యక్తి పదేళ్ల తరువాత నాయికకు ఎదురవుతాడు. ఇరవై భాగాల ఆ కథను 2003లో ఎన్.హెచ్.కె. ప్రసారం చేయగా జపానులో అపూర్వ సంచలనం కలిగినది. 2019–20లో వచ్చిన 'క్రాష్ లాండింగ్ ఆన్ యూ'లో దక్షిణ కొరియా యువతి, ఉత్తర కొరియా సైనికాధికారి ప్రేమించుకొంటారు. సరిహద్దు రేఖ చెరగదు. ఏటా కొద్ది రోజులు వేరొక దేశంలో కలుసుకొనడమే వారికి దక్కిన సౌభాగ్యం. ఈ కథలలో జాప్యం రచయిత అలసత్వం కాదు, పాత్రల విధి.

ఇక తెలుగువారి సంగతి. విప్రలంభ శృంగారాన్ని తలకెత్తుకొన్న సాహిత్యం మనది. నలదమయంతుల ఎడబాటును నన్నయ కాలం నుండి వింటూనే ఉన్నాము. 1951లో బి.ఎన్. రెడ్డి నిర్మించి, దర్శకత్వం వహించిన 'మల్లీశ్వరి'లో మల్లి రాణివాసానికి తరలిపోయిన తరువాత చిత్రమంతా నిరీక్షణే. దేవులపల్లి కృష్ణశాస్త్రి రచన, సాలూరు రాజేశ్వరరావు సంగీతం ఆ నిరీక్షణకు ప్రాణం పోశాయి. ఆ రుచి తెలిసిన ప్రేక్షకునికి కొరియా కథ పరాయిదిగా తోచదు. మరచిన చుట్టాన్ని కలిసినట్లు ఉంటుంది.

అయితే మందగమనం వేరు, సాగదీత వేరు. కొరియా ప్రేమకథ సాధారణంగా వారానికి రెండు భాగాల చొప్పున పదహారు భాగాలలో ముగుస్తుంది. ముగింపు తెలిసిన కథకు ఒక్కొక్క చూపూ విలువైనదే. వెయ్యి భాగాలు దాటే మన దినసరి ధారావాహికలో జరిగినది మరల మరల జరుగుతుంది కాని, ఎదురుచూపు పండదు. కొరియా కథలలోనూ ఐశ్వర్యవంతుడైన నాయకుడు, యాదృచ్ఛిక సంఘటనలు వంటి మూసలు లేకపోలేదు. వాటి వెనుక ఎగుమతిని ప్రోత్సహించిన ప్రభుత్వ విధానమూ ఉన్నది. అయినా విధానం ఇతర దేశాలకు దారి చూపగలదే కాని, ప్రేక్షకుని కన్నీటిని శాసించలేదు.

విభజన వేదన మనకు కొత్త కాదు. 1986–87లో దూరదర్శన్ 'బునియాద్' ద్వారా దానిని ఇంటింటికీ చేర్చినది. కొరియా తన కన్నీటి ప్రసారాలకు చెందిన 463 వీడియో టేపులను జాతి సంపదగా దాచుకొన్నది. మన పాత చిత్రాలను, ధారావాహికలను అంత శ్రద్ధతో కాపాడుకొనడం, వాటిలోని ఓర్పును కొత్త రచయితలకు అందుబాటులోకి తేవడం మన సాంస్కృతిక సంస్థల ముందున్న కర్తవ్యం. తెలుగు యువతకు నిదానమైన కథ నచ్చదన్న వాదం నిలిచేది కాదు. వారు దానిని పరభాషలో వెదకి, ఉపశీర్షికలు చదువుకొంటూ మరీ చూస్తున్నారు.