చట్టసభల చరిత్ర – 6: ఒక్కడి లాభం తప్పు, ఒక వర్గం లాభం ‘విధానం’



గ్రూప్స్‌కీ సివిల్స్‌కీ చదివే మన పిల్లలు పార్లమెంటు నియమాలను బట్టీ పడతారు. వాటిలో లోక్‌సభ 371వ నియమం దగ్గర ఒకసారి ఆగమంటాను. తనకు సొంత ప్రయోజనం ఉన్న విషయం మీద ఒక సభ్యుడు ఓటేస్తే, ఆ ఓటు చెల్లదని ఇంకో సభ్యుడు సభలోనే అడ్డు చెప్పొచ్చు. ఓటింగ్ అయిన వెంటనే, ఫలితం ప్రకటించేలోపే చెప్పాలి. స్పీకర్ ఇద్దరి మాటా విని, ఆ ఓటు ఉంచాలో తీసేయాలో తేలుస్తారు. ఆ తీర్పే ఆఖరు.

వినడానికి బాగుంది. తన పొలం గట్టు తగాదాలో తానే పెద్దమనిషిగా కూర్చోకూడదన్న మాట మన ఊళ్లలో అందరికీ తెలిసిందే. కానీ ఆ నియమం కింద ఒక వివరణ ఉంది. అసలు కథ అక్కడే ఉంది. ఆ ప్రయోజనం నేరుగా, ఆ సభ్యుడికి విడిగా చెందినదై ఉండాలట. ప్రజలందరికీ ఉన్న ప్రయోజనమైనా, ప్రజల్లో ఏదో ఒక వర్గానికో విభాగానికో ఉన్న ప్రయోజనమైనా లెక్కలోకి రాదు. ప్రభుత్వ విధానానికి సంబంధించిన విషయమైనా రాదు.

అంటే ఒక్కడు తన ఒక్కడి జేబు నింపుకుంటే నియమం పట్టుకుంటుంది. ఒక వర్గమంతా కలిసి నింపుకుంటే దానికి ‘విధానం’ అని పేరు పెడుతుంది.

ఈ మాట ఎక్కడ పుట్టింది? 1811 జూలై 17న బ్రిటిష్ కామన్స్ సభలో. గోల్డ్ కాయిన్ బిల్లు మీద బ్యాంక్ డైరెక్టర్లు ఓటేయొచ్చా అన్న ప్రశ్న వచ్చింది. స్పీకర్ చార్లెస్ అబట్ సూత్రం చెప్పాడు: ప్రయోజనం నేరుగా డబ్బుకు సంబంధించినదై, ఆ సభ్యుడికి విడిగా చెందినదై ఉండాలి, రాజ్య విధానం మీద ఓటుకు ఇది వర్తించదు. బ్యాంక్ డైరెక్టర్ల ఓట్లు నిలిచాయి. మన 371లో ఉన్నవి దాదాపు అవే మాటలు. ‘ఏదో ఒక వర్గానికో విభాగానికో’ అన్న ముక్క మన దగ్గర వాటికి తోడైంది.

ఆ సూత్రం ఎవరికి పనికొచ్చిందో చూడండి. 1833లో అదే సభ తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం చేసింది. నష్టపరిహారంగా 2 కోట్ల పౌండ్లు కేటాయించింది. అప్పటి ప్రభుత్వ వార్షిక ఖర్చులో అది దాదాపు 40 శాతం. ఆ డబ్బు బానిసలకు కాదు, యజమానులకు. వెన్ను విరిగేలా పనిచేసినవాళ్లకు ఒక్క పెన్నీ రాలేదు సరికదా, ‘అప్రెంటిస్’ల పేరుతో 1838 దాకా పాత యజమానుల దగ్గరే చాకిరీ చేయాల్సి వచ్చింది. తోటల యజమానులూ, వాళ్లకు అప్పులిచ్చినవాళ్లూ ఆ సభలోనే కూర్చుని ఉన్నారు. తర్వాత నాలుగుసార్లు ప్రధాని అయిన విలియం గ్లాడ్‌స్టన్ అప్పుడు కొత్త సభ్యుడు. తన తండ్రి ఎస్టేటు మీద వచ్చిన ఆరోపణలకు సభలో జవాబు చెప్పాడు. తండ్రి జాన్ గ్లాడ్‌స్టన్‌కు 2,508 మంది బానిసల లెక్కన 1,06,769 పౌండ్లు ముట్టాయి. 1838లో ఆయనే కలకత్తా నుంచి ఓడల్లో మన దేశపు కూలీలను డెమెరారా తోటలకు రప్పించుకున్నాడు. ఆ పరిహారం కోసం చేసిన అప్పును బ్రిటన్ 2015లో గానీ తీర్చలేదు.

నియమం అసలు పనిచేయలేదని కాదు. 1892లో తూర్పు ఆఫ్రికా రైల్వే సర్వేకు డబ్బు మంజూరు చేసే ఓటింగ్‌లో, అక్కడి కంపెనీతో సంబంధమున్న ముగ్గురు సభ్యుల ఓట్లను కామన్స్ సభ కొట్టేసింది. ఒక కంపెనీవాళ్లు ముగ్గురు దొరికారు. బానిస యజమానుల వర్గం మాత్రం దొరకలేదు.

ఇక మన దగ్గరకు వద్దాం. ఇక్కడ స్వప్రయోజనం అనర్హత కాదు సరికదా, అర్హతగా చెలామణి అయ్యింది. 1909 సంస్కరణల నుంచీ చట్టసభల్లో భూస్వాములకు ప్రత్యేక స్థానాలున్నాయి. 1935 చట్టం కింద ఏర్పడిన మద్రాసు అసెంబ్లీలో 215 స్థానాలు. అందులో షెడ్యూల్డ్ కులాలకు 30, జమీందార్లకు 6. కోస్తా, రాయలసీమ అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. ఆ 6 స్థానాలకు ఓటేసేది భూస్వాములే. అది వాళ్ల ప్రత్యేక నియోజకవర్గం.

ఈ లెక్కను పూనా ఒప్పందం పక్కన పెట్టి చూడండి. 1932లో మనకు ప్రత్యేక నియోజకవర్గాలు వస్తే, వాటికి వ్యతిరేకంగా గాంధీ ఎరవాడ జైల్లో నిరాహార దీక్షకు కూర్చున్నాడు. సెప్టెంబర్ 24న బాబాసాహెబ్ వాటిని వదులుకోవాల్సి వచ్చింది. మన ప్రతినిధిని మనమే ఎన్నుకుంటే హిందూ సమాజం చీలిపోతుందన్నారు. జమీందారు ప్రతినిధిని జమీందార్లే ఎన్నుకుంటే ఏదీ చీలలేదు! భూమి ఉన్నవాడి రిజర్వేషన్‌ను ఎవరూ రిజర్వేషన్ అని కూడా అనలేదు.

జమీందారీలు పోయాయి, భూస్వాములు పోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1961లో మొదటి భూపరిమితి చట్టం వచ్చింది. భూమి రకాన్ని బట్టి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా ఉంచుకోవచ్చు. 324 ఎకరాలను ‘పరిమితి’ అనాలంటే ఆ చట్టం రాసేవాడి పొలం ఎంతుండాలి? పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా సభ ముందుకు వచ్చిన బిల్లు 1973లో చట్టమైంది. ఈసారి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు. ఆయన కూడా భూస్వామ్య కుటుంబం నుంచి వచ్చినవాడే. ఆ చట్టం అమల్లోకి వచ్చింది మాత్రం 1975 జనవరి 1న. 1961కీ 1975కీ మధ్య 14 ఏళ్లు. పంపకాలకు, బినామీ పట్టాలకు అంత గడువు చాలదా? ఆ పొలాల్లో నాట్లేసి కోతలు కోసిన మాల మాదిగలకు దక్కింది మిగులు భూమిలో మిగిలిందే. భూస్వామి ఎమ్మెల్యే భూపరిమితి మీద ఓటేస్తే, అబట్ సూత్రం ప్రకారం అది వర్గ ప్రయోజనం. దానికి అడ్డే లేదు.

ఇప్పుడు రాజ్యసభలో సభ్యుల ప్రయోజనాల రిజిస్టర్ ఉంది. అందులో నమోదు చేయాల్సినవి ఐదు: జీతమిచ్చే డైరెక్టర్ పదవి, క్రమంగా డబ్బొచ్చే పని, కంపెనీని శాసించేంత వాటా, కన్సల్టెన్సీ, వృత్తి. భూమి లేదు. ఎన్నికల అఫిడవిట్‌లో భూమి రాస్తారు, నిజమే. కానీ భూమి మీద బిల్లు వచ్చిన రోజున, ఓటేసే ముందు లేచి నిలబడి “నాకింత ఉంది” అని చెప్పాల్సిన పని లేదు.

అయితే వర్గ ప్రయోజనం ఉన్నవాళ్లెవరూ ఓటేయకూడదని అడుగుదామా? ఇక్కడ తొందరపడొద్దు. ఆ కత్తి ముందు తెగేది మన మెడనే. 2013లో ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం వచ్చినప్పుడు దళిత ఎమ్మెల్యేలకు వర్గ ప్రయోజనం లేదా? ఉంది. ఉండాలి కూడా. అందుకే కదా వాళ్లను పంపింది. తేడా ఒక్కటే. మనవాడు మాట్లాడితే “మీ కులం కోసం” అంటారు. వాళ్లు మాట్లాడితే “రైతు కోసం, రాష్ట్రం కోసం” అంటారు. మన ప్రయోజనానికి పేరుంటుంది, వాళ్లదానికి ఉండదు. మనం అడగాల్సింది ఆ పేరు పెట్టమనే. భూమి, కాలేజీ, కాంట్రాక్టు, మైనింగ్ – ఏ బిల్లు వస్తే ఆ బిల్లులో తన వాటా ఎంతో సభలో చెప్పి మరీ ఓటేయమనాలి. చెప్పకపోతే అఫిడవిట్ పక్కన బిల్లు పెట్టి మనమే చదివి జనానికి చెప్పాలి. విద్యార్థులు చేయగలిగిన పని ఇది.

బాబాసాహెబ్‌కు ఈ సంగతి ముందే తెలుసు. 1937లో బొంబాయి సభలో ఖోతీ భూస్వామ్యాన్ని రద్దు చేయాలని ఆయన బిల్లు పెట్టాడు. 1938 జనవరిలో వేల మంది రైతులతో ఆ సభ దాకా ఊరేగింపు తీశాడు. 1947లో ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో వ్యవసాయాన్ని ప్రభుత్వ పరిశ్రమ చేయాలన్నాడు. దాన్ని మామూలు చట్టానికి వదలొద్దు, రాజ్యాంగంలోనే రాయాలన్నాడు. ఎందుకంటే మామూలు చట్టాన్ని సభలో మెజారిటీ ఎప్పుడైనా మార్చగలదు. భూమి ప్రశ్నను భూమి ఉన్నవాళ్ల ఓటుకు వదిలితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. రాజ్యాంగంలో ఆ మాట చేరలేదు. ఆ ఓటు ఇంకా వాళ్ల చేతిలోనే ఉంది.