బదులు పలికే గొంతు: తెలుగు వంత నుంచి ఢిల్లీ వేదిక దాకా

కవిత్వాన్నీ సంగీతాన్నీ ఒకే ప్రదర్శనలో కలిపి, ఒక సమాజం తన సాంస్కృతిక అస్తిత్వాన్ని, అంటే తానెవరన్న ఎరుకను, జనం ఎదుటే వెతుక్కొనే ప్రయోగాలు మన దేశంలో ఒక ఉద్యమరూపం దాల్చింది 1943లో బొంబాయిలో భారత ప్రజా నాట్య సంఘం (ఇప్టా) ఏర్పడిన తరువాతనే. తెలుగునాట ఆ ఉద్యమానికి ప్రజానాట్యమండలి రూపమైంది. కళాకారులు కొత్త కళను శూన్యంలోంచి సృష్టించలేదు. జనం ఎరిగిన రూపాన్ని నిలిపి, అందులో పలికే మాటను మార్చారు. అందువల్ల ఈ చరిత్రను చూడవలసింది ఎవరు పాడారన్న వైపు నుంచి మాత్రమే కాదు, పాడినవాడికి ఎవరు బదులు పలికారన్న వైపు నుంచి కూడా.

ఈ దృష్టితో చూసినప్పుడు బుర్రకథకు సాటి వచ్చే రూపం మరొకటి కనిపించదు. జంగం కథ నుంచి రూపొందిన ఈ కళలో నడిమి కథకుడు తంబురా మీటుతూ, అందెలు మోగిస్తూ కథ నడుపుతుంటే, డక్కీలు వాయించే వంతలిద్దరూ, అంటే పాటకు వంతపాడే సహకళాకారులు, అతడిని ప్రశ్నిస్తారు, ఊకొడతారు, అడ్డుపడతారు. వారిలో ఒకరిది హాస్యం కాగా, మరొకరిది రాజకీయం, అంటే కథను వర్తమానానికి ముడిపెట్టే వ్యాఖ్యానం. కళారూపంలోనే ఈ చోటు ఉండటంవల్ల ప్రజానాట్యమండలి రాజకీయాన్ని బయటినుంచి తెచ్చి అతికించవలసిన అవసరం కలగలేదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో ముస్లిం కుటుంబంలో పుట్టిన షేక్ నాజర్ (1920–1997) పల్నాటి యుద్ధాన్ని, బొబ్బిలి యుద్ధాన్ని చెప్పిన గొంతుతోనే బెంగాల్ కరువునూ చెప్పినప్పుడు, పల్నాటి వీరులు ఏ ఒక్క మతంవారి సొత్తూ కారన్న సంగతి వాదంతో పనిలేకుండానే శ్రోతల మనసుకెక్కింది. ఆయనకు 1986లో పద్మశ్రీ లభించింది. తెలంగాణలో సుద్దాల హనుమంతు యాదవుల కథాగానమైన గొల్లసుద్దులను సాయుధ పోరాటానికి అనువుగా మలిచారు. 1970వ దశకం నుంచి జననాట్యమండలి వేదికలపై గద్దర్ (1949–2023) గోచీ, గొంగడి, చేతికర్ర, కాలి గజ్జెలతో పాటకు పూర్తి దేహాన్నే ఇచ్చారు. ఆ వేషం అలంకారం కాదు. నాగరిక వేదిక దూరంగా ఉంచిన మనిషి అందులో తన రూపంతోనే పాడాడు.

ఢిల్లీ పరిస్థితి వేరు. 1947 విభజనతో వచ్చిన శరణార్థులు, ఆ తరువాత ఉపాధికి వచ్చిన అనేక భాషలవారు కలిసి పెంచిన నగరంలో అందరూ ఎరిగిన ఒకే కళారూపం దొరకడం కష్టం. 1973లో ఏర్పడిన జన నాట్య మంచ్ ఆ లోటును వీధినాటకంతో, అంటే ప్రేక్షకులు చుట్టూ వలయంగా నిలిచే, తెరా రంగాలంకరణా లేని ప్రదర్శనతో పూరించింది. ఢిల్లీ శివార్లలో, సాహిబాబాద్ పారిశ్రామిక ప్రాంతంలోని ఝండాపూర్‌లో 1989 జనవరి 1న ‘హల్లా బోల్’ ఆడుతుండగా బృందంపై దాడి జరిగింది. రామ్ బహదూర్ అనే కార్మికుడు మరణించాడు, తీవ్రంగా గాయపడిన బృంద నాయకుడు సఫ్దర్ హష్మీ మరునాడు ప్రాణాలు విడిచారు. జనవరి 4న ఆయన భార్య మలయశ్రీ హష్మీ, బృంద సభ్యులు అదే చోట ఆ నాటకాన్ని పూర్తిచేశారు. కార్మికవాడల మధ్య ఆ రోజు జరిగిన ప్రదర్శనకు ఢిల్లీ కళాచరిత్రలో రావలసినంత ప్రాధాన్యం రాలేదు. హష్మీ పేర అదే ఏడాది ఏర్పడిన సహమత్ సంస్థ, బాబ్రీ మసీదు కూల్చివేత తరువాత 1993 ఆగస్టులో అయోధ్యలో సరయూ తీరాన ‘ముక్త్ నాద్’ పేర సంగీత కార్యక్రమాన్ని నిర్వహించింది.

ఇంతలో 1990లో ఢిల్లీలో సుస్మిత్ సేన్, అసీమ్ చక్రవర్తి ఆరంభించిన ఇండియన్ ఓషన్ బృందం మరో దారి తొక్కింది. 2000లో వెలువడిన ‘కందిసా’ ఆల్బమ్‌లో కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రాచీన ప్రార్థనా గీతం, నర్మదా నదిని కీర్తించే జానపదం గిటార్, తబలాల నడుమ పక్కపక్కనే వినిపిస్తాయి. అక్కడ అస్తిత్వం ఒక భాషకో ఊరికో కట్టుబడలేదు. అయితే వేదికమీది పాటకు వేదికమీదే ఎదురుప్రశ్న వేసే గొంతు ఆ రూపంలో లేదు.

ఆ గొంతు ఢిల్లీలో అనుకోని వైపు నుంచి తిరిగివచ్చింది. ఉర్దూ కథాకథన కళ అయిన దాస్తాన్‌గోయీ, 1928లో మీర్ బాకర్ అలీ మరణంతో అంతరించిందనే అనుకున్నారు. విమర్శకుడు షంసుర్ రహమాన్ ఫారూఖీ ప్రోద్బలంతో మహమూద్ ఫారూఖీ 2005లో దాన్ని పునరుద్ధరించినప్పుడు, సంప్రదాయంలో ఒక్కరే చెప్పే కథను ఇద్దరి నోట పలికించారు. ఇందులో వాద్యం ఉండదు. కవిత్వం నిండిన వచనపు లయే సంగీతం చేయవలసిన పని చేస్తుంది. ఒకరు అందించిన వాక్యాన్ని రెండోవారు అందుకోవడం, ఆపడం, మలుపు తిప్పడం మొదలయ్యాక దేశవిభజన వంటి నేటి మనుషుల గాయాలు కూడా దాస్తాన్ వస్తువులయ్యాయి. డక్కీ లేకపోయినా, బుర్రకథ చూసి పెరిగిన తెలుగువారికి ఆ రెండో గొంతు చేసే పని ఎవరూ విడమరచి చెప్పకుండానే అర్థమవుతుంది.