నకలు ఉంటే చాలునా? తాళంచెవి ఎక్కడ?

1800లో నిజాము దత్తమండలాలను కుంఫిణీకి అప్పగించిన పిమ్మట ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, 1807 దాకా ఇక్కడ ఉండి, పొలాలు కొలిపించి రైతువారీ లెక్కలకు పునాది వేశాడు. వానలు కరువైన మన సీమలో శిస్తు మాఫీ కావాలన్నా, హద్దు తగాదా తీరాలన్నా రైతుకు లెక్కలే ఆధారం. 1984లో పదవులు రద్దయ్యే వరకు గ్రామంలో అవి కరణాల చేతిలో ఉండేవి.

కాగితానికి చెదలు, చెమ్మ, నిప్పు శత్రువులు. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు రేగి భూముల దస్త్రాలు కాలిపోయిన సంగతి పాఠకులకు తెలిసినదే. ఒకే చోట ఉన్న రికార్డు ఎప్పటికైనా ప్రమాదమే.

1998 నవంబరు 4న కార్డ్ పథకం కింద ఉమ్మడి రాష్ట్రంలోని 214 రిజిస్ట్రేషను కార్యాలయాల్లో కంప్యూటర్లు వచ్చాయి. నేడు ఒకే పెద్ద యంత్రంలో అనేక యంత్రాలున్నట్లు సాఫ్ట్‌వేరుతో పని చేయిస్తున్నారు. వీటిని వర్చువల్ మెషీన్లంటారు. ఐబిఎం సంస్థ 1972లోనే వీఎం/370 పేరుతో ఈ పద్ధతిని ప్రకటించింది. వీటి నకలును ఎప్పటికప్పుడు దూరాన ఉన్న మరో కేంద్రానికి పంపే సాఫ్ట్‌వేర్లున్నాయి. ఒకచోట ప్రమాదం జరిగితే రెండోచోట పని సాగుతుంది.

అయితే ఆ మార్పిడి జరగాలంటే బాధ్యుడైన అధికారి బ్రౌజరులో అజమాయిషీ పేజీ తెరిచి, యూజరు పేరు, పాస్‌వర్డు ఇచ్చి లోపలికి వెళ్లాలి. చివరి నకలు ఎప్పటిదో చూసి, ఆ యంత్రాలను రెండో కేంద్రంలో నడపమని ఉత్తరువు ఇవ్వాలి. ఆ పేజీని నడిపే సర్వరు కూడా మొదటి కేంద్రంలోనే ఉండి దానితోపాటు నాశనమైతే, ఇంటి తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపు వేసినట్లే. ఆ పాస్‌వర్డు దొంగ చేతిలో పడితే అసలూ నకలూ రెండూ పోవచ్చు.

ట్రెజరీలో పనిచేసిన మనవారికి ఇది కొత్త కాదు. స్ట్రాంగు రూముకు రెండు తాళాలు, ఇద్దరి చేతుల్లో రెండు చెవులు. నకలు చెవులు సీలు వేసి వేరేచోట. ఆ నియమమే ఇక్కడా వర్తిస్తుంది. ఒక్కరి మాటపై నకలు చెరిపే వీలుండరాదు. అత్యవసర పాస్‌వర్డు వేరేచోట భద్రంగా ఉండాలి. అప్పుడప్పుడు నకలును నిజంగా నడిపి చూడాలి. తెరిచి చూడని నకలును నమ్మడానికి లేదు.

మన పింఛను లెక్కలు కూడా ఈనాడు కంప్యూటర్లలోనే ఉన్నాయి. కనుక పి.పి.ఓ. నకలు ఒకటి ఇంట్లోను, మరొకటి వేరే ఊళ్లోని బిడ్డల వద్దను ఉంచి, అది ఎక్కడున్నదో ఇల్లాలికి కూడా చెప్పి ఉంచవలసిందిగా సోదర పెన్షనర్లకు మనవి.