దూరపు పేరు – చేరువ విద్య

బిడ్డకు పైచదువు నిర్ణయించువేళ గృహస్థుని యెదుట తఱచుగా రెండు మార్గములు నిలుచును. ఒకటి దూరమందలి ప్రసిద్ధ కళాశాల. దానికి పేరు గలదు, వ్యయమును గలదు. రెండవది స్వస్థలమందలి ప్రభుత్వ విద్యాలయము. అందు జీతము కట్ట నక్కఱలేదు, కాని లోకులు గొప్పగా చెప్పుకొను పేరును లేదు. ఏది మేలో వాదించుటకు ముందు, ఒకే వ్యాధితో పోరాడిన యిరువురి చరిత్రమును పరిశీలింతము.

న్యూయార్కు నగరమున 1847లో టౌన్‌సెండ్ హారిస్ అను వర్తకుడు, ధనికుల బిడ్డలును పేదల బిడ్డలును ఒక్కచోట గూర్చుండి ఉన్నతవిద్య నేర్వవలెనని పట్టుపట్టెను. పౌరుల సమ్మతితో ఏర్పడిన ఆ ఉచిత విద్యాలయము 1849లో ప్రారంభమయ్యెను. అది పురుషులకు మాత్రమే. ఉపాధ్యాయినులను తయారుచేయుటకై 1870లో స్త్రీలకు వేఱొక ఉచిత విద్యాలయము స్థాపింపబడెను. అదియే తరువాత హంటర్ కళాశాల యయ్యెను.

1929 నాటి వాణిజ్యపతనమున ఆస్తి కోల్పోయిన ఒక దంతవైద్యుని కుమార్తె గెర్ట్రూడ్ ఎలియన్. తండ్రికి జీతము కట్టు శక్తి లేదు. హంటర్ కళాశాల ఉచితమగుటచేతనే ఆమె చదువు సాగినది. 1937లో రసాయనశాస్త్రమున పట్టము పొందినను, పైచదువునకు సహాయ మడిగినచోట్ల నిరాకరణమే లభించెను. పగలు బడిలో పాఠములు చెప్పుచు, రాత్రులు పరిశోధన సాగించి, 1941లో మాస్టరు పట్టము గైకొనెను. 1944లో జార్జి హిచింగ్స్ ప్రయోగశాలలో చేరినది. అచట రూపొందిన మెర్కాప్టోప్యూరిన్ అను ఔషధము 1953లో పసిపిల్లల లుకేమియాకు ఆమోదము పొందెను. 1988లో ఆమెకు నోబెల్ బహుమానము వచ్చెను.

ఆ హిచింగ్సు విద్యార్థిగా నున్న హార్వర్డు జీవరసాయనశాఖలోనే మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పనిచేసెను. మద్రాసులో వైద్యము చదివిన ఆయన, మామగారి ధనసహాయముతో 1923లో అమెరికాకు వెడలెను. రాత్రివేళ ఆసుపత్రిలో నౌకరుపని చేసి బ్రదికెను. 1930లో డాక్టరు పట్టము నందెను. పిమ్మట లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వమున తయారైన అమినోప్టెరిన్, లుకేమియా సోకిన బాలురకు తాత్కాలికోపశమము నిచ్చినదని 1948లో సిడ్నీ ఫార్బరు ప్రకటించెను. ఆ సంవత్సరమే సుబ్బారావు మరణించెను. 1923లో విడిచి వెళ్ళిన భార్యను ఆయన మరల చూడలేదు.

ఒకరిది దూరపు చదువు, ఒకరిది ఇంటిచెంతది. వ్యాధి మాత్ర మొక్కటే. పిల్లల ప్రాణములకై ఇరువురును చేసిన సేవయు నొక్కటే. కనుక కళాశాల పేరే విద్యార్థి విలువను నిర్ణయించునను భ్రమ మనము విడువవలెను. హార్వర్డు ప్రయోగశాల సుబ్బారావునకు వృథా కాలేదు, నిజమే. కాని ఆ ప్రయాణమునకు చెల్లిన మూల్యములో మామగారి ధన మొక భాగము. ఇంటనే యుండిపోయిన ఇల్లాలి జీవితము మఱియొక భాగము. ఈ రెండవదానిని లెక్కపుస్తకమున నెవరు వ్రాయుదురు?

ధనము చాలని యింట మొదట దూరము పోవువాడు కొడుకు. మొదట చదువు మానునది కూతురు. ఇంటిచెంత ఉచిత విద్య యున్నచోట ఈ అన్యాయమునకు కారణము చెప్పుకొన వీలుండదు. ఎలియన్ వంటివారికి తెఱచుకొన్న ద్వార మదియే. ఆర్థికసంకటమున చిక్కిన న్యూయార్కు 1976లో ఆ విద్యాలయములందు జీతము విధించెను. శతాబ్దమునకు పైగా నడచిన ధర్మము ఆగిపోయెను.

కాబట్టి దూరపు కళాశాలను ఎంచుకొనగల గృహస్థుడైనను చేరువలోని ఉచిత విద్యాలయమును నిలుపుటకు పాటుపడవలెను. ఏది మేలని యోచించు భాగ్య మతనికి గలదు. పొరుగింటి బాలికకు ఉన్నది ఆ యొక్కటే.