లాద్ బజార్ గాజు ఎవరిది?

ముస్లిం అనగానే చాలామందికి రెండే బొమ్మలు కనబడతాయి. ఒకటి హుక్కా పీల్చే నవాబు. రెండోది పోలీసులు వెతికే అనుమానితుడు. ఈ రెంటి మధ్య బొగ్గుల కుంపటి ముందు కూర్చుని లక్క కరిగించే మనిషి ఎవరికీ కనబడడు. చరిత్ర పుస్తకాల్లోనూ అతనికి చోటు తక్కువే.

బజారు, దుకాణం, ఖరీదు, తరాజు, రసీదు. కొనడం, అమ్మడం గురించి తెలుగువాళ్లు రోజూ వాడే ఈ మాటలన్నీ ఫారసీ, అరబ్బీల నుంచి వచ్చినవే. మాటలు ఊరికే రావు. మనుషులతో, సరుకుతో కలిసి వస్తాయి. అయినా మేం బయటివాళ్లమట!

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించాడు. దాని పడమటి వీధే లాద్ బజార్. లాద్ అంటే లక్క అని చెబుతారు. లక్కను వేడిచేసి, రంగు కలిపి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచుతారు. మెత్తగా ఉండగానే రాళ్లనూ అద్దం ముక్కలనూ ఒక్కొక్కటే అద్దాలి. ఆలస్యమైతే లక్క గట్టిపడుతుంది, తొందరపడితే వేళ్లు కాలతాయి. ఆ గాజులు నిఖా రోజున మా ఆడపిల్లలే కాదు, హిందూ పెళ్లికూతుళ్లూ వేసుకుంటారు. పక్కనే అత్తరు దుకాణాలు. పూల ఆవిరిని గంధపు నూనెలోకి పట్టి తీసిన వాసన అది. ఇంటి అలంకారానికి బిద్రీ పాత్రలు. 1956 దాకా బీదర్ హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. జింకులో కొంచెం రాగి కలిపి పోతపోసి, వెండి తీగ పొదిగి, బీదర్ కోట మట్టితో, నవాసాగరంతో నల్లబరుస్తారు.

ఇవన్నీ నవాబుల వైభవమని రాస్తారు. నవాబు కొన్నాడు, నిజమే. చేసిందెవరు? కృష్ణ ఒడ్డున కొల్లూరు వజ్రాల గనిలో అరవై వేలమంది ఆడా మగా పిల్లలూ పనిచేసేవారని 17వ శతాబ్దపు ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే రాశాడు. వాళ్లలో ఒక్కరి పేరైనా మనకు తెలుసా? 1995లో భారత ప్రభుత్వం 173 నిజాం నగలను దాదాపు 218 కోట్లకు కొన్నది. ఆ నగల మీద హక్కు లాద్ బజార్ కూలికి ఏనాడూ లేదు. కానీ నిజాం పాలన తాలూకు నింద మాత్రం వాడి నెత్తినే పడుతోంది.

2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. అయితే 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు రెండు వందలమందికి పైగా పిల్లల్ని విడిపించారు. ఎక్కువమంది బీహార్ నుంచి తెచ్చినవాళ్లు. దీన్నీ మనమే చెప్పుకోవాలి. మనవాళ్ల కార్ఖానా అని కళ్లు మూసుకుంటే, రాజుల చరిత్ర రాసినవాళ్లకీ మనకీ తేడా ఏముంటుంది?

మా అస్తిత్వాన్ని నవాబు కిరీటంలో వెతకొద్దు. లక్కతో కాలిన వేళ్లలో, ఆ వేళ్లకు దక్కని కూలిలో వెతకండి. గాజుకు గుర్తింపు ఇచ్చినవాళ్లు గాజు చేసిన చేతికీ ఇవ్వాలి. మా చరిత్ర అక్కడినుంచి మొదలవుతుంది.