గంజి కేంద్రం నుంచి నీటి వాటా దాకా

కర్నూలు, కడప జిల్లాల్లో కరువు సాయం మొదట దాతల ధర్మంగా నడిచింది. వానలు ముఖం చాటేస్తే కలిగినవాళ్లు గాదెలు తెరిచి అంబలి కాచి పోసేవారు. వాళ్లలో రాయలసీమ జనం పాట కట్టి తలుచుకునే పేరు ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిది. 1866 కరువులో ఆయన వేల మందికి అన్నం పెట్టాడు. విక్టోరియా రాణి పేరిట బంగారు పతకం అందుకున్నాడు.

పదేళ్లకే వచ్చిన ధాత కరువు (1876-78) ముందు ఏ గాదె అయినా చాలలేదు. 1871లో 9,14,432గా ఉన్న కర్నూలు జిల్లా జనాభా 1881 నాటికి 6,78,551కి పడిపోయింది. లండన్‌లో చందాలు పోగయ్యాయి. సర్కారు కరువు పనులు తెరిచింది: ఎండలో కూర్చుని కంకర కొట్టాలి, చెరువు మట్టి మోయాలి. 1877లో భారత ప్రభుత్వ కరువు ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ మగకూలికి రోజుకు పౌను ధాన్యం, పైన కొంత చిల్లర చాలన్నాడు. పౌనంటే అరకిలో కూడా లేదు. ఆ తిండితో బరువుపని చేసే మనిషి బతకడని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ పట్టుబట్టాడు. కొన్ని నెలలకే కూలి పెంచక తప్పలేదు. సాయం హక్కుగా మారే దారిలో ఇది పెద్ద మలుపు. 1880 నాటి కరువు కమిషన్ తర్వాత కరువు నియమావళి వచ్చింది. కరువు వేళ పని చూపడం, పని చేయలేనివాళ్లకు తిండి పెట్టడం సర్కారు బాధ్యతని అది రాతపూర్వకంగా ఒప్పుకుంది.

కూలి దొరికినా పొలానికి నీళ్లు రావు. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలయ్యే కర్నూలు-కడప (కె.సి.) కాలువను ఒక కంపెనీ లాభం కోసం తవ్వింది, సర్కారు దాన్ని 1882లో కొనుక్కుంది. కాలువ కింద లేని మెట్ట పల్లెల గతి మారలేదు. అందుకే 1937 నవంబర్ 16న మద్రాసులో కోస్తా నాయకులతో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో సీమ నాయకులు నీటినే ముందు పెట్టారు. కడప కోటిరెడ్డి వంటివారు సంతకం చేసిన ఆ పత్రం తుంగభద్ర, కృష్ణ, పెన్నా నీళ్లలో సీమకు, నెల్లూరుకు పదేళ్లపాటు తొలి ప్రాధాన్యం ఇవ్వాలంది. అది అమలు కాలేదు. 1951-52 కరువులో మళ్లీ గంజి కేంద్రాలే తెరవాల్సి వచ్చింది, బావులు లోతు చేయడానికి సైన్యం దిగింది. ప్రాణాలు నిలబెట్టిన ఆ గంజిని తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఏటా గంజి పోయించుకునే గతి ఎందుకు పట్టిందని అడగడం నుంచే సీమ ఉద్యమం బలపడింది.

ఆ ఉద్యమంలో భాగంగానే 2016 మే 31న వేలాది మంది రైతులు పోలీసుల అడ్డంకులు దాటి కృష్ణ ఒడ్డుకు చేరారు. శ్రీశైలానికి ఎగువన సిద్ధేశ్వరం దగ్గర అలుగుకు తామే శంకుస్థాపన చేశారు. 2022లో కేంద్రం అక్కడ తీగల వంతెనకు అనుమతినిచ్చింది. రైతులు అడుగుతున్నది వంతెనతోపాటు నీటిని నిలిపే బ్యారేజీ.