తల్లిదా, బిడ్డదా?

క్రిందటి నెల మా చెల్లెలి కూతురు గాభరాగా ఫోను చేసింది. "పెద్దమ్మా, రుబెల్లా రిపోర్టులో పాజిటివ్ అని వచ్చింది" అంటూ ఒకటే ఏడుపు. దానికి మూడో నెల. పక్కవాటాలో పిల్లవాడికి ఒళ్ళంతా ఎర్రగా దద్దు లేచిందని డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించిందట. తీరా చూస్తే ఐజీజీ పాజిటివ్, ఐజీఎం నెగెటివ్. బి.ఏ. చదివినదాన్ని, నాకేం బోధపడుతుంది? "ఎప్పుడో వేయించుకున్న టీకా వల్లనో, చిన్నప్పుడు వచ్చిపోయిన జబ్బు వల్లనో మిగిలిన రక్షణ ఇది. మంచిదే" అని డాక్టరమ్మ చెప్పేదాకా మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. ఆ తర్వాతే పుస్తకాలు తిరగేశాను.

1941లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టరు దగ్గరికి, పుట్టుకతోనే కళ్ళలో శుక్లాలున్న పసివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు రాసాగారు. ఒకరిద్దరైతే తలరాత అనుకోవచ్చు. బయట కూర్చున్న తల్లులు, కడుపుతో ఉన్న తొలినెలల్లో తమకి జర్మన్ మీజిల్స్ వచ్చిందని చెప్పుకుంటుంటే ఆయన చెవిన పడిందంటారు. రుబెల్లాకి అదే పాత పేరు. ఆడవాళ్ళ కబుర్లని కొట్టిపారెయ్యకుండా ఆరా తీశాడు, మహానుభావుడు! 78 మంది బిడ్డల్లో 68 మంది తల్లులకి ఆ జబ్బు వచ్చిందని తేలింది.

అయితే తల్లికి జ్ఞాపకం లేకపోతే? ఒక్కోసారి రుబెల్లా వచ్చినట్టే తెలియదు మరి. అక్కడే ఐజీఎం అక్కరకొచ్చింది. జబ్బు తగలగానే ఒంట్లో ముందుగా తయారయ్యే యాంటీబాడీ అది. ఐదు ముక్కలు కలిసిన భారీకాయం, వైరస్‌ని పట్టుకోవడానికి పది చేతులు. ఐజీజీ తర్వాత వచ్చి ఏళ్ళతరబడి నిలుస్తుంది. మాయ దాటి బిడ్డని చేరుతుంది, పుట్టాక కొన్ని నెలలు కాపాడుతుంది. ఐజీఎం మాత్రం మాయ దాటలేదు. అంచేత అప్పుడే పుట్టిన బిడ్డ రక్తంలో రుబెల్లా ఐజీఎం కనబడితే అది తల్లిది కాదు. కడుపులో ఉండగానే ఆ పసికందు ఒంటరిగా పోరాడి తయారుచేసుకున్నది! ఈ మాట చదివి పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను.

1964-65లో అమెరికాలో ఆ జబ్బు చెలరేగి సుమారు 20,000 మంది పిల్లలు లోపాలతో పుట్టారు. 1969లో అక్కడ టీకా వచ్చింది. మన దేశంలో పిల్లలందరికీ తట్టు టీకాతో కలిపి వెయ్యడం 2017లోగానీ మొదలవలేదు.

సిడ్నీలో బల్లమీద కూర్చుని మాట్లాడుకున్న ఆ తల్లుల పేర్లు నేను చదివిన ఏ పుస్తకంలోనూ కనబడలేదు.

నిన్న మా పిల్ల మళ్ళీ ఫోను చేసింది. గుండె ఝల్లుమంది గానీ, ఈసారి మాగాయ కోసం.